రెండొందల ఏళ్ల ప్రశ్నకు ఫైనల్ కీ

కిందటేడు కొండవాగు విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలో ఒక ప్రశ్నకి ఇచ్చిన నాలుగు జవాబులూ తప్పే. పోనీ ప్రశ్నైనా సరైనదా అంటే అదీ కాదు. ప్రిలిమినరీ కీలో 'బి' అన్నారు. అభ్యంతరాలొస్తే రివైజ్డ్ కీలో 'డి' అన్నారు. ధర్నా జరిగాక ఫైనల్ కీలో 'బి లేదా డి' అన్నారు. కోర్టు మొట్టికాయ వేశాక, రాసినవాళ్ళకీ రాయనివాళ్ళకీ, ఆ రోజు పరీక్షకే రానివాళ్ళకీ కూడా తలా ఒక మార్కు కలిపారు. పరీక్షకి రాకుండా మార్కు తెచ్చుకున్న ఓ కుర్రాడు ఆ మార్కు పట్టుకుని సీటు కూడా అడిగాడు.

అప్పుడే కొత్తగా వచ్చిన వైస్ చాన్సలర్ గారికి ఒళ్ళు మండింది. తప్పుడు జవాబుల మీద మండాల్సిన ఒళ్ళు, ఎందుకో మరి, ప్రశ్నల మీద మండింది. "జవాబు చేతిలో లేకుండా ప్రశ్న అడగడం ఏవిటండీ? ఎంత బాధ్యతారాహిత్యం!" అని అధికారులందరినీ నిలబెట్టి కడిగేశారు. వారం తిరక్కుండా మెయిన్ గేటు మీద 'సమాధానం లేని ప్రశ్న లేని విశ్వవిద్యాలయం' అని పెద్ద బోర్డు వెలిసింది. అది చదివి అర్థం చేసుకోవడానికి జనం ఆగుతుండడంతో బస్సులు వెనక గేటు నుంచి తిప్పాల్సి వచ్చింది.

బోర్డుతో పాటు ఒక నిబంధనా వచ్చింది. ఇకమీదట పాఠ్యపుస్తకంగా పెట్టదలచిన ప్రతి పుస్తకంలోని ప్రతి ప్రశ్నకీ కీ తయారుచేసి, కొత్తగా పెట్టిన సమాధానాల విభాగంలో దాఖలు చెయ్యాలి. కీ లేని ప్రశ్న ఒక్కటున్నా ఆ పుస్తకం పనికిరాదు. ఆ విభాగానికి డిప్యూటీ రిజిస్ట్రార్ సత్తిరాజు గారు అధిపతి. మంచి మనిషి. తన బల్ల మీదికొచ్చిన ఏ కాగితాన్నీ కింద పడనివ్వరు. చదవనూ చదవరు.

అన్ని శాఖలూ ఎలాగో గట్టెక్కాయి. చరిత్ర వాళ్ళు 'సామ్రాజ్యాలు ఎందుకు పతనమవుతాయి' అన్న ప్రశ్నకి 'సి' అని రాసిచ్చారు. తత్వశాస్త్రం వాళ్ళు 'జీవితానికి అర్థమేమిటి' అన్నదానికి 'పైవన్నీ' అని రాసి చేతులు దులుపుకున్నారు. చిక్కంతా గణితశాఖలో హైమావతి గారికే వచ్చింది.

హైమావతి గారు ఆ శాఖలో ప్రొఫెసరు. ఇంకో ఏడాదికి రిటైరవుతారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆమె అడుగుతున్నది ఒక్కటే: ఎమ్మెస్సీ పిల్లలకి బీజీయ సంఖ్యా సిద్ధాంతం చెప్పనివ్వండి అని. తన చదువు అది, తన ప్రాణం అది. అడిగినప్పుడల్లా 'వచ్చే ఏడు చూద్దాం' అన్నారు. చూసి చూసి ఈ ఏడు ఒప్పుకున్నారు. ఆరుగురు విద్యార్థులు పేర్లిచ్చారు కూడా. సెమిస్టరు మొదలయ్యేలోగా పాఠ్యపుస్తకం ఆమోదం పొందాలి, లేకపోతే ఆ పీరియడ్లన్నీ 'గణితంతో వ్యక్తిత్వ వికాసం' అనే కోర్సుకి పోతాయి అని షరతు పెట్టారు. మళ్ళీ ఏడాదికి ఆమె ఉండరు. అడిగేవాళ్ళూ ఉండరు.

ఆమె మూడు పుస్తకాలు ముందు పెట్టుకుని ఆలోచించారు. మొదటిది పల్చటి పుస్తకం. అందులో ప్రతి సిద్ధాంతానికీ రుజువు నాలుగు లైన్లు, అందులో రెండు లైన్లు 'ఇది సులభంగా తెలియును' అని ఉంటుంది. అది చదివితే పిల్లలు ఏడుస్తారు. రెండోది తలగడంత లావు. దాన్ని మొదలుపెట్టాలంటే ముందు ఇంకో నాలుగు లావు పుస్తకాలు చదివుండాలి. మూడోది మాత్రం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. లెక్క చేసి చూపిస్తుంది, తర్వాత మనల్ని చెయ్యమంటుంది. చిట్టచివరి పేజీలో ఒకే ఒక్క ప్రశ్న పక్కన చిన్న నక్షత్రం గుర్తు వేసి, కింద 'ఇది ఇంకా ఎవరికీ తెలియదు' అని ఉంటుంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ నక్షత్రం చూసే హైమావతి గారు బ్యాంకు ఉద్యోగం వద్దనుకున్నారు. ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ ఆ నక్షత్రాన్ని క్షమించలేదు.

ఆమె మూడో పుస్తకమే ఎంచుకున్నారు. నాలుగు వందల పైచిలుకు లెక్కలకి కూర్చుని కీ రాసి దాఖలు చేశారు. మర్నాడే సత్తిరాజు గారు కబురు పెట్టారు.

"అన్నిటికీ కీ ఇచ్చారు మేడం, చాలా సంతోషం. ఆఖరి గడి ఒక్కటీ ఖాళీగా ఉండిపోయింది."

"అది ఖాళీగానే ఉంటుందండీ. దానికి జవాబు తెలీదు."

"మీకు తెలీకపోతే పర్లేదు మేడం, ఇందులో నామోషీ ఏవుంది? మీ డిపార్టుమెంటులో ఇంకెవరినైనా అడగండి."

"ఎవరికీ తెలీదండీ."

"హైదరాబాదులో?"

"భూమ్మీద ఎవరికీ తెలీదు సార్. రెండొందల ఏళ్ళ నుంచీ."

సత్తిరాజు గారు నొచ్చుకున్నారు. "రెండొందల ఏళ్ళా! మరీ ఇంత అశ్రద్ధ చేశారేవిటండీ!"

హైమావతి గారు ఓపిగ్గా కూర్చుని చెప్పారు. మామూలు అంకెల్లో ఆరుని విడగొడితే రెండూ మూడూ వస్తాయి, ఎవరు విడగొట్టినా అవే వస్తాయి. పది వర్గమూలాన్ని కూడా తెచ్చి అంకెల్లో కలిపామనుకోండి, ఆ కొత్త లోకంలో అదే ఆరుని రెండు వేరువేరు రకాలుగా విడగొట్టొచ్చు, అంతా గందరగోళం. రెండు వర్గమూలాన్ని కలిపితే మాత్రం ఏ గొడవా రాదు. అందుకని మేం సరదాగా రెండుని బుద్ధిమంతుడు అంటాం, పదిని అనం. ఈ బుద్ధిమంతులైన సంఖ్యలు ఎక్కడికో వెళ్ళి ఆగిపోతాయా, అంతు లేకుండా వస్తూనే ఉంటాయా? అదీ ప్రశ్న.

సత్తిరాజు గారు అంతా శ్రద్ధగా విన్నారు. "అంటే రెండు ఆప్షన్లేగా మేడం! ఏదో ఒకటి టిక్కు పెట్టండి."

ఆమె పెట్టనన్నారు. వ్యవహారం పాఠ్యపుస్తక ఆమోద కమిటీకి వెళ్ళింది.

కమిటీ అధ్యక్షుడు వాణిజ్యశాఖ ప్రొఫెసర్ విశ్వేశ్వరం గారు. సభ్యుల్లో వ్యాయామ విద్య డైరెక్టరు, న్యాయ సలహాదారు, ఆడిట్ అధికారి ఉన్నారు. గణితం వచ్చినవాళ్ళు ఉంటే పక్షపాతం వస్తుందని వాళ్ళని వెయ్యలేదు. హైమావతి గారిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా, అంటే ఓటు లేకుండా, ఓ పక్కన కూర్చోబెట్టారు.

"మేడం, అసలీ తలనొప్పంతా ఎందుకు చెప్పండి?" అంటూ విశ్వేశ్వరం గారు సంచిలోంచి ఒక గైడు తీశారు. "మనూళ్ళోనే అచ్చయింది. చూడండి, ప్రశ్నల కంటే జవాబులే ఎక్కువున్నాయి!"

నిజంగానే ఎక్కువున్నాయి. కొన్ని జవాబులకి పైన ప్రశ్న లేదు. హైమావతి గారు పేజీలు తిప్పి, అందులో సంఖ్యా సిద్ధాంతం ఎక్కడా లేదని చెప్పారు.

"ఉన్నదానికి జవాబులున్నాయి కదండీ," అన్నారాయన.

వ్యాయామ విద్య డైరెక్టరు గారికి ఒక ఆలోచన తట్టింది. "ఆ ప్రశ్నార్థకం గీకేసి ఫుల్‌స్టాప్ పెడితే పోలా? ప్రశ్నే ఉండదు." బాగుందని అందరూ తలలూపారు గానీ, గ్రంథాలయ పుస్తకాలు గీకడం శిక్షార్హమని న్యాయ సలహాదారు గుర్తుచేశారు. ఆయనే మార్గమూ చూపించారు. "మనకి పద్ధతి ఉండనే ఉంది కదా! ప్రిలిమినరీ కీ ప్రకటిద్దాం. ఏడు రోజులు అభ్యంతరాలు స్వీకరిద్దాం. ఆధారాలతో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే ఫైనల్ కీ. ఇక దాన్ని ఎవడూ కదల్చలేడు."

కమిటీకి ప్రాణం లేచొచ్చింది. ఇక మిగిలింది ఏ కీ ఇవ్వాలన్నదే.

"వస్తూనే ఉంటాయి అని రాస్తే ఆడిట్ ఒప్పుకోదు," అన్నారు ఆడిట్ అధికారి. "ఏదైనా ఒక చోట ముగియాలి."

"సిలబస్ కూడా సెమిస్టర్లో పూర్తవ్వాలి," అన్నారు విశ్వేశ్వరం గారు. "ఆగిపోతాయి అని పెడదాం."

హైమావతి గారు ఉండబట్టలేక లేచి నిలబడ్డారు. "అయ్యా, ఇది ఓట్లతో తేలేది కాదండీ. పైగా, తెలిసినవాళ్ళంతా వస్తూనే ఉంటాయని నమ్ముతున్నారు, రుజువే దొరకలేదు."

"నమ్మకాలు ఇంట్లో పెట్టుకుందాం మేడం. ఇక్కడ తీర్మానాలే చేద్దాం," అన్నారు విశ్వేశ్వరం గారు మృదువుగా. తీర్మానం ఏకగ్రీవం అయింది.

ప్రిలిమినరీ కీ వెబ్‌సైట్లో పెట్టారు: 'ప్రశ్న: బుద్ధిగల సంఖ్యలు ఆగునా, ఆగవా? కీ: ఆగును.' అభ్యంతరాలు రెండొచ్చాయి. ఊళ్ళో ఒక కోచింగ్ సెంటరు వాళ్ళు, ప్రశ్న సిలబస్‌లో లేదు కాబట్టి అందరికీ మార్కు కలపాలన్నారు. ఓ రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఎంతో శ్రమపడి వేరే ప్రశ్నకి జవాబు పంపించారు. హైమావతి గారు అభ్యంతరం రాయడానికి కూర్చుని, 'ఆధారం జతపరచవలెను' అన్న చోట ఆగిపోయారు. ఆ ఆధారం కోసమే కదా ప్రపంచం రెండొందల ఏళ్ళుగా తల బద్దలుకొట్టుకుంటున్నది! ఎనిమిదో రోజున ఫైనల్ కీ వెలువడింది. ఆగును.

పుస్తకం ఆమోదం పొందింది. స్థానిక పత్రికలో 'రెండు శతాబ్దాల ప్రశ్నకు తెరదించిన కొండవాగు' అని వార్త పడింది. వైస్ చాన్సలర్ గారు సభ పెట్టి, "ఇతర దేశాలు చెయ్యలేనిది మనం ఏడు పనిదినాల్లో చేశాం," అని సెలవిచ్చి, హైమావతి గారికి శాలువా కప్పారు. ఆమెకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇది అబద్ధం అని మైకులో ఒక్క మాట అంటే చాలు. ఆ మాటతో కీ పోతుంది, కీతో పుస్తకం పోతుంది, పుస్తకంతో కోర్సు పోతుంది, ముందు వరసలో కూర్చున్న ఆరుగురూ వెళ్ళి వ్యక్తిత్వం వికసింపజేసుకుంటారు. ఆమె శాలువా కప్పించుకుని, నమస్కారం పెట్టి, దిగిపోయారు. జీవితంలో ఆమె చేసిన మొదటి తప్పు లెక్క అదే. చప్పట్లు కూడా పడ్డాయి.

మొదటి క్లాసు. ఫైనల్ కీకి విరుద్ధంగా బోధించడం క్రమశిక్షణా రాహిత్యమని సర్క్యులర్ ఉంది కాబట్టి, ఆమె బోర్డు మీద ప్రశ్న రాసి, పక్కన 'ఆగును' అని రాశారు. సుద్దముక్క విరిగింది. పిల్లల వైపు తిరగడానికి మొహం చెల్లక కాసేపు బోర్డు అంచులే తుడుస్తూ నిలబడ్డారు.

రెండో బెంచీలోంచి రమీజా చెయ్యెత్తింది. ఆ పిల్ల ఏదైనా సరే అడక్కుండా ఉండలేదు. ఇంటర్‌లో ఈ పిల్ల ప్రశ్నలకి భయపడి ముగ్గురు లెక్చరర్లు సెలవు పెట్టారని చెప్పుకునేవాళ్ళు.

"మేడం, ఆగిపోతాయంటున్నారు కదా, మరి ఆఖరిది ఏది?"

హైమావతి గారు చప్పున ఇటు తిరిగారు. శాలువా కప్పిన నాటి నుంచీ గుండెల మీద ఉన్న బరువు ఒక్క అంగుళం కదిలింది.

"మంచి ప్రశ్న వేశావమ్మా," అన్నారు. "నన్నడక్కు. ఆమోదించిన పుస్తకం మీద ఏ సందేహం వచ్చినా జవాబివ్వాల్సింది సమాధానాల విభాగం. రాసి ఇచ్చిరా."

రమీజా రాసి ఇచ్చింది. సత్తిరాజు గారు మొట్టమొదటిసారి ఆ పుస్తకం తెరిచారు. వెనకాల ఒక పట్టిక ఉంది. వంద లోపు సంఖ్యల్లో ఏవేవి బుద్ధిమంతులో అందులో వేశారు. ఆఖరున తొంభై ఏడు ఉంది. ఆయన సంతోషంగా జవాబు పంపించారు: 'ఆఖరి సంఖ్య తొంభై ఏడు. ఇది ఫైనల్.'

హైమావతి గారు స్వయంగా వెళ్ళి చెప్పారు. "సార్, పేజీ అయిపోయిందని వాళ్ళు అక్కడ ఆపారు. సంఖ్యలు అయిపోయి కాదు."

"ఆమోదించిన పుస్తకం మేడం. అందులో లేని సంఖ్యని మేం గుర్తించలేం," అన్నారాయన. "ఆధారంతో అభ్యంతరం వస్తే అప్పుడు చూద్దాం."

"తప్పకుండా వస్తుంది," అన్నారామె.

ఆధారంతో అభ్యంతరం ఎలా తయారుచెయ్యాలో నేర్పడానికి ఆమెకి మూడు వారాలు పట్టింది. అంటే పుస్తకంలో మొదటి నాలుగు అధ్యాయాలన్నమాట. పిల్లలు అంత ఉత్సాహంగా ఏ అధ్యాయాలూ చదవగా ఆమె చూడలేదు. మూడో వారం చివర రమీజా బోర్డు దగ్గరికి వెళ్ళి నూట ఒకటిని పట్టుకుంది. పుస్తకం ప్రకారం పరీక్షించాల్సినవి మూడే: రెండుతో ఇబ్బంది లేదు, మూడుతో లేదు, ఐదు దగ్గర ఆగి కాసేపు గోళ్ళు కొరుక్కుని, పదకొండుకి నూట ఒకటి వర్గమూలం కలిపి సగం చేసింది. ఐదు ఏ గొడవా లేకుండా విడిపోయింది. నూట ఒకటి బుద్ధిమంతుడే! రుజువంతా ఒకే పేజీ. మిగతా ఐదుగురూ లైను లైనూ తడిమి చూసి సంతకాలు పెట్టారు.

ఆ విశ్వవిద్యాలయం చరిత్రలో ఆధారంతో వచ్చిన మొదటి అభ్యంతరం అది. సత్తిరాజు గారు కవరు తెరిచి, "ఇందులో నిజంగానే ఏదో జతపరిచారే!" అని కంగారుపడ్డారు. ధర్నా అయితే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. రుజువొస్తే ఏం చెయ్యాలో ఏ సర్క్యులర్లోనూ లేదు. చివరికి 'సవరించిన ఫైనల్ కీ: నూట ఒకటి' అని ప్రకటించారు. ఆ వారమే ఇంకో కుర్రాడు నూట మూడు తెచ్చాడు. తర్వాత నూట ఏడు వచ్చింది. నూట తొమ్మిది వచ్చింది. ఫైనల్ కీ ప్రతి సోమవారం మారడంతో, 'ఫైనల్' అన్న మాట దగ్గర తేదీ వెయ్యడం మొదలుపెట్టారు.

వైస్ చాన్సలర్ గారు సత్తిరాజు గారిని పిలిచి కేకలేశారు. "ఏవిటయ్యా ఈ అంగుళం అంగుళం జరగడం? పెద్ద నంబరేదైనా వేసి పారెయ్! ఎవడూ అభ్యంతరం చెప్పలేనిది!"

ఎవడూ అభ్యంతరం చెప్పలేని నంబరు సత్తిరాజు గారికి ఒక్కటే తోచింది. వైస్ చాన్సలర్ గారి కారుది. వేలంలో పోటీపడి తెచ్చుకున్న ఫ్యాన్సీ నంబరు, నాలుగు తొమ్మిదులు. 'ఆఖరి సంఖ్య తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది' అని ప్రకటించి, ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత కడుపునిండా టిఫిన్ చేశారు.

దానికి ఆరో అధ్యాయం కావలసి వచ్చింది. పిల్లలు మధ్యాహ్నం భోజనాలు మానేసి అది చదివారు. అభ్యంతరం ఆరుగురి సంతకాలతో వచ్చింది. 'వైస్ చాన్సలర్ గారి కారు నంబరు ఆఖరి బుద్ధిమంతుడు కాదు. అసలు బుద్ధిమంతుడే కాదని ఇందుమూలంగా రుజువు చేయడమైనది. ఆధారం జతపరచడమైనది.'

ఆ కాగితం వైస్ చాన్సలర్ గారి బల్ల మీదికి వెళ్ళాక లోపల ఏం జరిగిందో బయటికి రాలేదు. సత్తిరాజు గారు మాత్రం బయటికి వచ్చారు. నేరుగా గణితశాఖకి వెళ్ళారు. క్లాసు జరుగుతోంది. కిటికీల దగ్గర కూడా పిల్లలు నిలబడి వింటున్నారు. అందులో వ్యక్తిత్వ వికాసం వాళ్ళు ఓ పదిమంది ఉన్నారు. రమీజా బోర్డు మీద నూట పదమూడుతో కుస్తీ పడుతోంది. ఆయన ఖాళీగా ఉన్న ఆఖరి బెంచీలో కూలబడ్డారు.

"మేడం," అన్నారు. "నేను మిమ్మల్ని ఆఫీసు తరఫున అడగటం లేదు. ఇంటికెళ్తే అన్నం సయించడం లేదు, అందుకని అడుగుతున్నాను. వీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తెస్తూనే ఉన్నారు. నిజం చెప్పండి. ఇవి ఎక్కడైనా ఆగుతాయా, ఇలా వస్తూనే ఉంటాయా?"

రమీజా సుద్దముక్క కింద పెట్టింది. హైమావతి గారు మెల్లగా నడిచి వచ్చి, పుస్తకం చిట్టచివరి పేజీ తీసి ఆయన ముందు పెట్టి, నక్షత్రం గుర్తు మీద వేలు పెట్టారు.

సత్తిరాజు గారు ఆ ప్రశ్న చదివారు. దానికి ప్రిలిమినరీ కీ ఇచ్చింది ఆయనే, ఫైనల్ కీ ఇచ్చిందీ ఆయనే. చదవడం మాత్రం అదే మొదలు.

"నేను అడిగిందే ఉందే ఇక్కడ!"

"మీరు అడిగిందే సార్."

"రెండొందల ఏళ్ళుగా ఇదే అడుగుతున్నారా? ఎవరికీ తెలీకుండానే?"

"ఇదే. అడుగుతూ అడుగుతూనే ఈ పుస్తకంలో మిగతాదంతా కనిపెట్టారు."

ఆయన ఆ నక్షత్రం మీద తనూ ఓసారి వేలు పెట్టి చూశారు. తర్వాత ఉలిక్కిపడి, గుమ్మం వైపు ఒకసారి, కిటికీల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "నేనేమీ అడగలేదు మేడం. మీరెవరూ వినలేదు. అడిగినట్టు తేలితే కీ పెట్టాలి."

"వినలేదండీ," అన్నారు హైమావతి గారు.

ఆయన లేచి, చొక్కా సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"రేపు క్లాసు ఎన్నింటికండీ?"

ఆ ప్రశ్నకి జవాబు హైమావతి గారికి తెలుసు. చెప్పారు.